మానుకోట ఇంట్ల పొంగిన చెక్కనేల

జనగామ జిల్లా, చిల్పూర్ గ్రామ నివాసి, కీర్తిశేషులు మారోజు బ్రహ్మయ్య పెద్దకొడుకు, వడ్లపని వృత్తిగా గల మారోజు పరశురాములు అను నేను, అరవై మూడేండ్ల వయసులో, మతి స్థిరంగా ఉండి, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టపూర్తిగా రాయించిన వీలునామా ఇది. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

దస్తావేజులు రాసే ఉమేష్ నా మాటలన్నిటిని మంచి భాషల పెడతనన్నడు. కోర్టుకు కావాల్సినకాడ నీ భాష పెట్టు, మిగిలింది నేను చెప్పినట్టే రాయి అన్న. అందుకే ఇది రెండు తీర్లుగ ఉంటది.

మతి మంచిగనే ఉన్నది గని పానం బాగలేదు. నలభై ఐదేండ్లు కట్టెపొట్టు, పాలిష్ వాసన పీల్చిన. వరంగల్ దవాఖానల డాక్టరమ్మ ఎక్సరే చూసి, ఇగ పని బంద్ చెయ్యమన్నది. రెండు మెట్లెక్కితే కూసోవాలె. ఈ కాయిదం రాయించుటానికి మూడు దినాలు పట్టింది.

1. చిల్పూరులోని నా స్వార్జితమైన మూడు గదుల ఇల్లు, పెరడుతో సహా, నా తదనంతరం నా భార్య ముత్తమ్మకు చెందవలెను. ఆమె జీవించి ఉన్నంతకాలం దానిని అమ్మమని పిల్లలెవరూ ఆమెను అడగరాదు. పైసలున్నోళ్ల ఇండ్లల్ల టేకు పరిచిన నేను, సొంత ఇంట్ల సిమెంటు నేల మీదనే ఆమెను నలభై ఏండ్లు తిప్పిన. ఒక్కనాడు అడగలేదు. అడుగుతే ఏదో ఒక జవాబు చెప్పుకుందు. మోకాళ్ల నొప్పులతోని కింద కూసోలేకపోతున్నదని పోయిన ఎండకాలం ఎత్తు పీట ఒకటి చేసిన, వీపు ఆనుకునేటట్టు. అది కూడ ఆమెదే. మనుమలు దాన్ని బండి చేసి ఈడ్వొద్దు.

2. జనగామలోని రేకుల షెడ్డు, దాని కింది స్థలము నా కొడుకు సురేశ్‌కు చెందవలెను. అతను భూపాలపల్లిలో దుకాణం పెట్టి, కట్టె బొమ్మ గుద్దిన, నేలకు అతికే ప్లాస్టిక్ షీట్లు అమ్ముతున్నడు. ఒక్క పూటల హాలంత అతికిస్తరు, నీళ్లు పోసి కడుగుతరు. దాని మీద వానితోని ఆరేండ్లు సక్కగ మాట్లాడలేదు. వాని పిల్లలు ఆ దుకాణంతోనే కడుపునిండ తింటున్నరు. ఇగ కొట్లాడే ఓపిక నాకు లేదు. షెడ్డు ఉంచుకుంటడో, అమ్ముకుంటడో వాని ఇష్టం.

3. కోత మిషను, కట్టెను నునుపు చేసే రందా మిషను, కొలత సామాను, షెడ్డులో పేర్చిన నలభై ఒక్క టేకు పలకలు నా బిడ్డ తనూజకు చెందవలెను. పెండ్లయినంక పదకొండేండ్లు నా ఎంబడి తిరిగి పని నేర్చింది. హైదరాబాదుల ఒక ఇంజనీరు మా మాట వినంగనే నవ్విండు, గిట్ల మాట్లాడేటోళ్లు గింత మంచి పని చేస్తరా అన్నడు. పని అయినంక లెవలు పెట్టి చూసుకోమన్నది తనూజ. అతను చూసిండు, నవ్వలేదు.

బిడ్డా, నీకు తెలిసిందే అయినా రాయిస్తున్న. ఇప్పటి కొత్త ఇండ్లల్ల హాలు, వంటకాడ, తినేకాడ అంత ఒక్కటే జాగ. నడుమ గోడ ఉండదు, గడప ఉండదు. ఎనిమిదంగుళాల వెడల్పు పలకలు ఈ గోడ నుంచి ఆ గోడ దాక ఒక్క తీరుగ పరువాలె. కట్టె కోసినంక కూడ గాలిల తేమ గుంజుకుంటది, ఉబ్బుతది. వెడల్పు పలక ఇంక ఎక్కువ ఉబ్బుతది. అందుకని పలకలను పది పదిహేను దినాలు ఆ ఇంట్లనే ఉంచి, ఆ గాలికి అలవాటు చెయ్యి. కింది సిమెంటు పూర్తిగ ఆరిందాక ముట్టకు. గోడల పొంటి అరంగుళం సందు ఇడువు. ఇంటోళ్లు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకు. నేను ఒప్పుకున్న.

4. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. నేను చేసిన తప్పును నా అంతట నేను ఒప్పుకొని రాయిస్తున్నాను.

2018ల మానుకోటల, అంటే మహబూబాబాదుల, ఒక బట్టల షావుకారి కొత్త ఇల్లు కట్టిండు. ఆయన భార్య పేరు ప్రసన్న. నేను, నా తమ్ముడు వేణు కలిసి ఆ ఇంటి నేల పని పట్టుకున్నం. మేం చేసిన వాటిల అదే పెద్దది. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నరు, పత్రికలు పంచిండ్రు. వేణు సిమెంటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులకు టేపు అతికి, ఒక దినం ఆగి లేపి చూపెట్టిండు. లోపల నీళ్ల చుక్కలు.

"అన్నా, ఇంక పచ్చిగనే ఉన్నది. నెల ఆగుదాం," అన్నడు.

"ఏం కాదు తియ్. ముహూర్తం నెల ఆగుతదా?" అన్న. గోడల పొంటి సందు కూడ సగమే ఇడిచిన, సందు మీద సన్న పట్టీ వేస్తే అందంగ ఉంటదని.

గృహప్రవేశం నాడు అందరు చెప్పులు బయట ఇడిచి, కాలు మోపి, అబ్బ అన్నరు. శ్రావణంల ముసురు పట్టింది. వారం దినాలల్ల పలకలు ఉబ్బి, పోవుటానికి సందు లేక, హాలు నడుమ గుడారం లెక్క లేచినయి. షావుకారి తల్లి సత్తెమ్మ, పొద్దుగాల తులసికి నీళ్లు పొయ్యవోతుంటె కాలు తట్టుకొని పడ్డది. తుంటి ఇరిగింది. రెండేండ్లు మంచం మీదనే ఉండి చనిపోయింది. మళ్ల నడువలేదు.

పడ్డ తెల్లారి షావుకారి మమ్మల్ని పిలిపిచ్చి, పది మంది మేస్త్రీల ముందర నిలవెట్టి, ఎవల పని ఇది అని అడిగిండు. నేను వేణు దిక్కు చూపెట్టిన. పరిచేటప్పుడు నేను వేరే ఊర్ల ఉన్న, తొందరపడి పరిచింది మా తమ్ముడే అన్న. వేణు నా మొకం చూసిండు. సంచి భుజానేసుకొని పోయిండు. ఆ తర్వాత మానుకోటల అతనికి ఎవరు పని ఇయ్యలేదు. భార్య ఊరు టేకుమట్ల పోయి, కట్టెకోత మిషను కాడ మొద్దులు మోసిండు. నాకు మాత్రం పనులు వస్తనే ఉన్నయి.

ఈ ఏడు ఎక్సరే చూసుకున్నంక టేకుమట్ల పోయిన. గడపల నిలవడి, తప్పయింది తమ్మీ అన్న. "నాతోని చెప్పి ఏం ఫాయిద? నాకు ముందే ఎరుకనే గదా. ఆ ఇంటికి పోయి చెప్పు," అన్నడు.

తనూజను తోలుకొని మానుకోట పోయిన. ఆ ఇంట్ల ఇప్పుడు నున్నటి బండలున్నయి. ప్రసన్నమ్మ అంత ఇన్నది. మంచినీళ్లిచ్చింది. మాఫ్ చేసిన అనలేదు, నేను అడగలేదు.

"మా ఇంటాయన నీ తమ్మున్ని నలుగుర్ల తిట్టిండు. ఆ నలుగురికి ఇప్పుడెవరు చెప్పాలె? నువ్వే రాసియ్యి," అన్నది.

కాబట్టి రాయిస్తున్న. సిమెంటు పచ్చిగ ఉన్నదని వేణు చెప్పిండు. ఇననిది నేను. పరిచింది నేను. సత్తెమ్మ పడ్డది నా పనితోని. అబద్ధం ఆడింది నేను. ఈ నాలుగో అంశం నకలు నేను బతికి ఉండగానే మహబూబాబాదులోని మేస్త్రీలకు తనూజ చదివి వినిపించవలెను. నేను పక్కన కూసుంట.

5. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత తనూజకే అప్పగిస్తున్నాను. సురేశ్ అడ్డు చెప్పడు. వానికి నా కన్న నిదానం ఎక్కువ.

6. ఈ అంశం కొట్టివేయబడినది.

ఎందుకో చెప్తున్న. ఇందుల మా నాయిన బాడిసె, ఆయన ఉలులు, మూడో అంశంల చెప్పిన పలకలల్ల సగం వేణుకు రాసిన. ఈ పొద్దు ముసాయిదా చదువుతుంటె వేణు వచ్చిండు. మొత్తం నిలవడే ఇన్నడు. సాక్షి సంతకం తనే పెడతనన్నడు. ఆస్తి వచ్చేటోళ్లు సాక్షి ఉండొద్దని ఉమేష్ చెప్పిండు.

"అయితే ఆ ఆస్తి కొట్టెయ్యి," అన్నడు వేణు.

"నాయిన బాడిసెరా అది," అన్న.

"తనూజ కాడ ఉండనియ్. నువ్వు రాసింది నిజమని నేను సంతకం పెట్టాలె. నాకు గదే కావాలె."

కొట్టేయించిన. పై పనిముట్లు, పలకలన్నీ తనూజకే చెందవలెను.

ఇగ రాసేది లేదు. సంతకమే మిగిలింది. వేణు ఎదురుంగ కూసొని, కాయిదం కదలకుండ ఒక మూల ఒత్తి పట్టుకున్నడు.

జనగామ, 2025 సెప్టెంబరు 11.

(సంతకం) మారోజు పరశురాములు

మా ఎదుట, పూర్తి ఎరుకతో సంతకం చేసినాడని సాక్షులు:

1. గుండెబోయిన రాజయ్య, చిల్పూర్

2. మారోజు వేణు, టేకుమట్ల