దూడ పాలల్లో లోటాడు నూనె

అమ్మా రూపా, దూడకు ఇంక నూనె చుక్క కూడా పొయ్యొద్దు. పొద్దున్నుంచి పేడ నీళ్ళలాగా పారుకుంటా ఉండాది. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి పెట్టినాను, కొంచెం కొంచెంగా తాపు. కింద గోనెపట్ట తడిస్తే మార్చు. డాక్టరు ఫోనెత్తలేదు, బట్లహళ్ళికి పోయి పిల్చుకొస్తాను.

దాణాలో ఒక్క స్పూను చాలు మామా అన్నావు నువ్వు. నీ కూరలో నూనె ఎక్కువని రోజూ ఎగతాళి చేసే నేను, నిన్న పాలల్లో లోటాడు శెనగనూనె పోసినాను. మా నాయన సేరు నూనె తాపితే ఎద్దు బండితో సహా గుట్ట దూకిందని ఎప్పుడూ చెప్తుంటానే, ఆ ఎద్దును నేనూ చూడలేదమ్మా.

మీ మామ

దూడ లేచి నిలబడితే ఫోన్ చెయ్యి. లేవకపోతే మాత్రం నేనొచ్చేదాకా నాకు చెప్పొద్దు.