చిల్లు డైమ్

31 ఆగస్ట్ 2024, శనివారం

తుప్పు మేకులు పదకొండు. బీర్ డబ్బాల పుల్ ట్యాబ్స్ నాలుగు. వీట్ పెన్నీ ఒకటి, 1910 నాటి ఒక సెంటు నాణెం. పెద్ద ఓక్ చెట్టు నుంచి తూర్పుకి పద్నాలుగు అడుగులు, ఐదు అంగుళాల లోతు.

ఏది ఎక్కడ దొరికిందో రాసుకోకపోతే నాకు తిన్నది అరగదు. పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని. మా చర్చ్ ఆడవాళ్ళు శనివారం షాపింగ్‌కి వెళ్తారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మెటల్ డిటెక్టర్ ఊపుకుంటూ, పాత నాణేల కోసం చెట్ల మధ్య తిరుగుతాను. పర్సిస్ ఆంటీకి కాస్త లూజు అని పిల్లలు అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

ఇప్పుడు నా ఫేవరెట్ స్పాట్ మా చర్చ్ కొన్న స్థలమే. అల్ఫారెట్టాకి ఉత్తరంగా అరగంట, అడవిలాంటి మూడెకరాలు. పదకొండేళ్ళుగా ఒక అమెరికన్ చర్చ్ వాళ్ళ హాల్లో అద్దెకు ఉంటున్నాం. వాళ్ళ పాటలు అయ్యాక మధ్యాహ్నం రెండింటికి మా పాటలు. అక్కడ వంట చేయకూడదు. పులిహోర కూడా మూతపెట్టి తేవాలి, వాసన రాకూడదట. బిల్డింగ్ కమిటీ కన్వీనర్ మా ఆయన దేవకుమార్. ఈ స్థలం కోసం ఆయన తిరిగినన్ని ఆఫీసులు మా గ్రీన్ కార్డ్ కోసం కూడా తిరగలేదు. పాస్టర్ షాలేం రాజు అయ్యగారిని పర్మిషన్ అడిగితే నవ్వి, బంగారం దొరికితే దశమభాగం మర్చిపోకమ్మా అన్నారు.

7 సెప్టెంబర్, శనివారం

బార్బర్ డైమ్, 1899 నాటి పది సెంట్ల నాణెం. వెండి! ఓక్ నుంచి తూర్పుకి ముప్ఫై ఒక్క అడుగులు, పడిపోయిన మొద్దు పక్కన. నాలుగు అంగుళాలు.

అంచు దగ్గర చిల్లు ఉంది. మేకుతో కొట్టి చేసిన చిల్లు. కలెక్టర్ల లెక్కలో పనికిరాని సరుకు. నేను మాత్రం చేతిలో తిప్పి తిప్పి చూశాను. మా నాయనమ్మ నా మొలతాడుకి చిల్లు కాణీ కట్టింది. ఆమె నరసాపురం చర్చిలో ముందు బెంచీ మనిషి, బైబిల్ సగం కంఠతా వచ్చు. అయినా పసిపిల్లకి దడుపు పట్టకుండా కాణీ కట్టాల్సిందే. అయ్యగారు ఇంటికొస్తే గౌను కిందికి లాగి దాచేదట.

ఇక్కడా ఒక నాయనమ్మ ఉండేదన్నమాట. ఆ పిల్ల ఆడుకుంటూ పారేసుకుని ఉంటుంది, ఇంటికెళ్ళి తిట్లు తిని ఉంటుంది. దారంతా నవ్వుకుంటూ డ్రైవ్ చేశాను.

15 సెప్టెంబర్, ఆదివారం

అయ్యగారి మనవరాలు తారకి ఈరోజు చర్చిలో ప్రతిష్ఠ ప్రార్థన. మూడో నెల. టీకాలు వేయించినప్పటి నుంచి నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తోందట. నిద్రలేక వాళ్ళమ్మ స్పందన కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. డైపర్ మార్చే గదిలోకి తీసుకెళ్ళి డైమ్ చూపించాను. శుభ్రంగా కడిగి, పాలిష్ పెట్టి, నల్లదారం ఎక్కించి తీసుకెళ్ళాను. ఏంటి ఆంటీ ఇది, క్యూట్ ఉంది అంది. నాయనమ్మ సంగతి చెప్పాను. డాడీ చూస్తే పెద్ద లెక్చర్ ఇస్తారు, డైపర్ కింద కట్టేద్దాం అంది. ఇద్దరం దొంగల్లా నవ్వుకుంటూ కట్టాం.

21 సెప్టెంబర్, శనివారం

ఇండియన్ హెడ్ పెన్నీలు రెండు, ఐదు సెంట్ల నికెల్ ఒకటి, చెంచా ఒకటి. చెవి విరిగిన పింగాణీ కప్పు. ఒక సముద్రపు గవ్వ. సముద్రం ఇక్కడికి ఐదు గంటల డ్రైవ్.

ఇంటికొచ్చి లాగ్‌లో రాసుకున్నదంతా గ్రాఫ్ పేపర్ మీద పెట్టాను. ముప్ఫై ఎనిమిది నాణేలు. ఒక్కటి కూడా 1912 తర్వాతది లేదు. అదొక బగ్. ఇంకొకటి, అవి వరసల్లో ఉన్నాయి. పారేసుకున్న నాణేలు వరసగా పడవు.

28 సెప్టెంబర్, శనివారం

తుఫాను వాన తగ్గింది. చెట్లు పడ్డాయేమో చూసి రమ్మని దేవకుమార్ పంపారు.

చెట్లు పడలేదు. నీళ్ళు నిలిచాయి. పచ్చటి తీగల కింద ఇన్నాళ్ళూ కనపడని పల్లాలన్నిట్లో నీళ్ళు నిలిచాయి. దాదాపు అన్నీ మనిషి పొడుగు. అన్నీ తూర్పు పడమరలుగా. నా నాణేలు దొరికిన చోట్లే.

పెట్టె కుళ్ళాక మన్ను దిగిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా నవంబర్ రెండున సమాధుల పండుగకి ముందు మా నాన్న తాతయ్య సమాధి మీద తట్టలతో మన్ను పోసేవాడు. నేను నీళ్ళు చల్లేదాన్ని, పండుగ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేదాన్ని.

మొద్దు పక్కన ఉన్న పల్లం మాత్రం నా పొడుగులో సగమే. అక్కడే డైమ్ దొరికింది.

29 సెప్టెంబర్, ఆదివారం

దేవకుమార్‌కి చెప్పాలనుకుంటూ చర్చికి వెళ్ళాను. అయ్యగారు స్టేజి మీద నుంచి నవంబర్ మూడున శంకుస్థాపన అని ప్రకటించారు. అందరూ చప్పట్లు. మా చర్చ్ అందరిలో పెద్దావిడ ఎస్తేరు అత్తయ్యగారైతే ఏడ్చేశారు. చచ్చేలోగా మన సొంత గుడిలో ఒక్కసారి మోకరిస్తే చాలు అంటారు ఆవిడ ఎప్పుడూ. తర్వాత దేవకుమార్ మైక్ తీసుకుని, ఈ నేలలో మా పర్సీకి దొరికిన పాత నాణేలన్నీ బైబిల్‌తో పాటు శంకుస్థాపన గుంటలో రాయి కింద పెడతాం అన్నారు. ఇంకా చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నారు.

నిలబడ్డాను. నవ్వాను కూడా.

5 అక్టోబర్, శనివారం

డిటెక్టర్ తీసుకెళ్ళలేదు. ఊరికే వెళ్ళాను.

రోడ్డు పక్కన పాత బ్యూక్ కారు ఆగి ఉంది. లోపల ఒక నల్లజాతి పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి. దారి తప్పారేమోనని అడిగాను. పేరు మిసెస్ ఆర్లీన్ టెర్రెల్ అని చెప్పింది. దారి బాగా తెలుసట. ఏటా ఆకులు రాలే ముందు ఒకసారి వచ్చి, కారులోనే కాసేపు కూర్చుని వెళ్తుందట. ప్రైవేట్ ప్రాపర్టీ కదా, లోపలికి ఎప్పుడూ పోలేదంది. తర్వాత అడిగింది, ఆ పచ్చటి తీగ ఇంకా ఉందా హనీ అని. రాళ్ళు చెక్కించే స్తోమత లేనివాళ్ళు ఆ తీగే నాటేవారట. ఉందన్నాను.

ఆవిడే చెప్పింది, నేను అడగలేదు. వాళ్ళ నాయనమ్మకి పన్నెండేళ్ళప్పుడు, 1912లో, ఇక్కడి నల్లవాళ్ళందరినీ తెల్లవాళ్ళు తుపాకులు చూపించి వెళ్ళగొట్టారట. వండిన కుండ పొయ్యి మీదే వదిలేసి వెళ్ళారట. చనిపోయినవాళ్ళని మాత్రం తీసుకెళ్ళలేకపోయారు. మనిషి చివరగా వాడిన కప్పో చెంచానో, ఒక గవ్వో నాణెమో మట్టి మీద పెట్టేవారట. నాయనమ్మ చెల్లెలు ఒల్లీ మే రెండేళ్ళకి జ్వరంతో పోయింది. దాని కాలికి కట్టిన చిల్లు డైమ్‌ని వాళ్ళమ్మే విప్పి మట్టి మీద పెట్టిందట. తొంభై ఏళ్ళు వచ్చినా నాయనమ్మ ఆ డైమ్ గురించే చెప్పేదట.

మీ కారు టైరులో గాలి తక్కువగా ఉంది చూసుకోండి అన్నాను. సిగ్గేస్తోంది.

12 అక్టోబర్, శనివారం

చెప్పేశాను. గ్రాఫ్ పేపర్ టేబుల్ మీద పరిచి మొత్తం చెప్పాను. డైమ్ తార నడుముకి ఉందన్నది ఒక్కటి తప్ప.

దేవకుమార్ పేపర్ చూశారు. సర్వే రిపోర్ట్ క్లీన్‌గా ఉంది కదా అన్నారు. వానొస్తే ఏ నేలలోనైనా నీళ్ళు నిలుస్తాయి అన్నారు. కారులో కూర్చున్న ఒక ముసలావిడ మాట పట్టుకుని పదకొండేళ్ళ ప్రార్థనని ఆపమంటావా అన్నారు. నువ్వు తవ్వినదానికి కేసు పెడితే మన గ్రీన్ కార్డ్ సంగతేంటి, అది ఆలోచించావా అన్నారు. చివరికి గొంతు తగ్గించి, అడిగినట్టుగా కాదు, బతిమాలినట్టుగా, మూడో తారీఖు దాకా ఎవరితో అనకు పర్సీ అన్నారు.

ఆ మూడో తారీఖు తర్వాత బుల్డోజర్ వస్తుంది. ఆయనకీ తెలుసు.

సరే అన్నాను. ఆఫీసులో ఎంత పెద్ద మేనేజర్ అడిగినా బగ్ ఉండగా అంతా బాగుందని సైన్ ఆఫ్ చేయనిదాన్ని.

13 అక్టోబర్, ఆదివారం

తారని ఎత్తుకున్నాను. నడుం దగ్గర చేతికి గట్టిగా తగిలింది.

20 అక్టోబర్, ఆదివారం

ఒంట్లో బాలేదని చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉంది.

26 అక్టోబర్, శనివారం

స్పందన ఇంటికి వెళ్ళి డైమ్ తిరిగి ఇమ్మన్నాను. ఆశ్చర్యపోయింది. అది కట్టాక తార తెల్లారేదాకా నిద్రపోతోంది ఆంటీ, ప్లీజ్, ఇంకొన్నాళ్ళు ఉంచుతా అంది. కొత్తది కొనిస్తానన్నాను, వెండిది, దీనికన్నా మంచిది. కొత్తది ఎందుకు, దీనికేమైంది అని అడిగింది. ఏదో ఒక అబద్ధం దొరక్కపోతుందా అని చూశాను. దొరకలేదు. చెప్పేశాను.

ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు. తారని ఒళ్ళో పడుకోబెట్టి ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు. పళ్ళతో కొరికి తెంపింది. డైమ్ నా చేతిలో పెట్టి, ఆ బేబీకి కూడా నిద్ర పట్టాలనే కట్టి ఉంటుంది కదా ఆంటీ వాళ్ళ మామ్ అంది. ఇద్దరం ఏడ్చాం. తార మమ్మల్ని చూసి నవ్వింది.

డాడీకి చెప్పాలా అని అడిగింది. నేను చెప్తాను అన్నాను. ఎలా చెప్పాలో తెలియదు. దేవకుమార్‌కి మాట ఇచ్చాను.

2 నవంబర్, శనివారం

సమాధుల పండుగ.

మధ్యాహ్నం మూడింటికి ఒక్కదాన్నే వెళ్ళాను. లాగ్, కొలత టేపు, తాపీ, నాణేల డబ్బా, కొవ్వొత్తుల పెట్టె. ఏ నాణెం ఎక్కడిదో అన్నీ రాసే ఉన్నాయి. ఓక్ నుంచి తూర్పుకి పద్నాలుగు అడుగులు, ఐదు అంగుళాలు, వీట్ పెన్నీ. అక్కడ పెట్టాను. మన్ను కప్పి, తీగ సర్ది, కొవ్వొత్తి నాటాను. తర్వాతది. తర్వాతది. కప్పు, చెంచా, గవ్వ కూడా. మోకాళ్ళు పట్టేశాయి. డైమ్‌ని చివర పెట్టాను. పాలిష్ పెట్టి మెరిపించినందుకు ఒల్లీ మేకి సారీ చెప్పాను, తెలుగులోనే.

పొద్దు వాలుతుంటే అన్నీ వెలిగించాను. తవ్వినప్పుడు ఎన్నడూ కనపడనిది అప్పుడు కనపడింది. నాలుగు వరసలు. చక్కగా, దగ్గరదగ్గరగా. మా ఊళ్ళో ఈపాటికి అన్నీ వెలిగి ఆరిపోయి ఉంటాయి.

ఎవరితో అననని కదా మాట ఇచ్చాను. స్పందనతో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఏడింటికి దేవకుమార్ రేపటి కుర్చీలు వేసుకుని ట్రక్కులో వచ్చారు, పక్కన అయ్యగారు. తలుపు తీసి దిగినవాళ్ళు దిగినచోటే ఆగిపోయారు. కోస్తాలో పెరిగిన ఏ క్రైస్తవుడికైనా ఈ తేదీన, ఈ వేళప్పుడు, వరసల్లో కొవ్వొత్తులంటే ఏమిటో ఒకరు చెప్పాలా! అయ్యగారు టోపీ తీశారు. ఎంతమంది అని అడిగారు. నాకు తెలిసి ముప్ఫై ఎనిమిది అన్నాను. ఆ చిన్న పల్లంలో ఎవరు అని అడిగారు. తార సంగతితో సహా చెప్పాను. లెక్చర్ ఇవ్వలేదు. ఆ పల్లం దగ్గర మోకరించారు.

దేవకుమార్ నా వైపు చూడలేదు. కోపంగా ఉన్నారు, ఏడుస్తున్నారు కూడా. గాలికి మూడో వరసలో ఒకటి ఆరింది. అగ్గిపెట్టె ఇవ్వు అన్నారు. వంగి, చెయ్యి అడ్డం పెట్టి వెలిగించారు. తర్వాత వెళ్ళి ట్రక్కులో కూర్చున్నారు. కుర్చీలు దింపలేదు.

3 నవంబర్, ఆదివారం

శంకుస్థాపన లేదు. అద్దె హాల్లోనే ఆరాధన. అయ్యగారు అంతా చెప్పారు. ఎస్తేరు అత్తయ్యగారు నా ముఖం చూడలేదు. పులిహోర మూతపెట్టే తెచ్చాను. మిగిలిపోయింది.

దేవకుమార్ పొద్దుటి నుంచి మాట్లాడలేదు. సాయంత్రం నేను స్థలానికి బయల్దేరితే వెనకే వచ్చి, టేపు రెండో కొస పట్టుకున్నారు.

తవ్వినవి: లేవు.

ఓక్ నుంచి తూర్పుకి పద్నాలుగు అడుగులు: ఎవరో.
ఇరవై: ఎవరో.
ఇరవై ఆరు: ఎవరో, పొడుగు మనిషి.
ముప్ఫై ఒకటి, మొద్దు పక్కన: ఒల్లీ మే, రెండేళ్ళు.