తేవాంగుకు అమ్మ ఉంటుంది

కోవిల్‌పట్టి, మంగళవారం రాత్రి

పాప ఇప్పుడే నిద్రపోయింది. బక్కగా, పెద్ద పెద్ద కళ్ళతో ఉంటుందని తరగతిలో పిల్లలు దాన్ని తేవాంగు అని, అంటే రాత్రిళ్ళు చెట్ల మీద తిరిగే దేవాంగపిల్లి అని, ఏడిపిస్తున్నారు. ఈ రోజు టీచర్ చీటీలు తీయించి, అడవిలో బతికే రెండింటిని పోల్చి రాయమన్నదట. దీనికి తేవాంగూ పుట్టగొడుగూ వచ్చాయి.

"రేపు పల్లికూడం పోనే పోనుమా," అని ఏడ్చింది.

మా అత్త దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. "కొండ పక్కన కట్టెలకు పోయినప్పుడు నేను రెండూ చూసినాను కన్నా. పుట్టగొడుగు వానకు లేస్తది, రెండు నాళ్ళకు కుళ్ళిపోతది. తేవాంగు కొమ్మ పట్టినాదంటే గాలి కొట్టినా విడవదు. దాని బిడ్డ కూడా తల్లి కడుపును అట్లే పట్టుకోని ఉంటది."

పాప కళ్ళు తుడుచుకుని అరవంలో రాసి, మాకు చదివి వినిపించింది. రెండూ చిన్నవి. రెండూ చప్పుడు చేయవు. కానీ తేవాంగుకు అమ్మ ఉంటుంది.

"రేపు నేనే ముందు చదువుతాను," అంది.

నేను తల ఎత్తలేకపోయాను. పోయిన వారం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి అలసిపోయి వచ్చి, అది అన్నం తినలేదన్న కోపంలో నేనూ దాన్ని తేవాంగు అనే తిట్టాను. పొద్దున జడ వేసేటప్పుడు తప్పయిందని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో...