కప్పు కింద అమ్మ ప్రార్థన

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ కొడుకు సంపత్ వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ నేను, నవత, పిల్లలు బాగున్నాం. పెనుబల్లిలో మీరంతా బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న ప్రసూనక్కకు కూడా వందనాలు. అడవిలో ఇప్పపూలు రాలుతున్నాయి, మా కాలనీ దాకా వాసన వస్తోంది.

నా దగ్గు తగ్గింది. నవత కషాయానికి దగ్గే భయపడి పారిపోయింది. రోజూ ప్రార్థన చేస్తున్నానా, అలసిపోయి పడుకుంటున్నానా అన్నది కదా నీ అసలు అనుమానం? చేస్తున్నానమ్మా, నీ పద్ధతిలోనే. మోకాళ్లూనితే నాకు నిద్ర ముంచుకొస్తుందని నీకు తెలుసు. నువ్వు కూరలో ఉప్పు వేస్తూ, లోకానికి ఉప్పుగా ఉండమన్న మాట తలుచుకుని ఇరుగుపొరుగు కోసం ప్రార్థిస్తావు. నేనూ అలాగే పనికొక వాక్యం తగిలించుకున్నాను. బొగ్గుగనిలోకి దిగేముందు టోపీకి దీపం పెట్టుకుంటూ ఆయన మాటే నా దారికి వెలుగు అనుకుంటాను. లోపల నెత్తిమీది కప్పురాయి గట్టిగా ఉందో లేదో ఇనుప కడ్డీతో తట్టి చూస్తాం. అప్పుడు, నా ఆశ్రయం నువ్వే ప్రభూ అంటాను.

నా జతగాడు మంగీలాల్ మొదట్లో నవ్వేవాడు. "ఏందన్నా, రాయితోని ముచ్చట పెడుతున్నవ్?" అనేవాడు. ఇప్పుడు నేను మరిచిపోతే, "ఇయ్యాల నీ మాట చెప్పలేదే" అని వాడే గుర్తుచేస్తాడు.

ప్రసూనక్కా, అమ్మను కూర్చోబెట్టి ఇక్కడినుంచి నెమ్మదిగా చదువు.

వీడియో కాల్‌లో ఎడమచెయ్యి ఎందుకు దాస్తున్నావని అడిగావు. కట్టు ఉందమ్మా. ఫోన్లో చెబితే సగంలోనే ఏడుస్తావని రాస్తున్నాను. పోయిన నెల గనిలో కప్పు కూలింది. తట్టినప్పుడు గట్టిగానే పలికింది, అయినా కూలింది. అందరం పరుగెత్తాం. బయటపడి చూస్తే మంగీలాల్ లేడు. కోళ్లను మూసేటప్పుడు ఒకటి తక్కువైతే, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి వెళ్లాడంటూ నువ్వు చెట్లన్నీ వెతికేదానివి. నాకు ఆ మాటే వచ్చింది, వేరే ప్రార్థన ఏదీ రాలేదు. వెనక్కి వెళ్లాను.

వాడి కాలు బండ కింద ఇరుక్కుంది. "జల్దీ పో అన్నా, నీకు పోరగాండ్లున్నరు" అని ఏడ్చాడు.

"ఊకో, నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోత?" అన్నాను.

బండ లేపుతుంటే నా చెయ్యి నలిగింది. ఎముక అతుక్కుంటుందన్నాడు డాక్టరు. వాడి కాలు దక్కింది. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, కోప్పడకు. గర్వం పాపమని నువ్వే నేర్పావు. నిన్ను తలుచుకుంటే మాత్రం నాకు గర్వం ఆగడం లేదు, ప్రభువు మన్నించాలి.

దవాఖానాలో మంగీలాల్ తల్లి సోని నా తల నిమిరి, "నిన్ను కన్నతల్లి పేరేంది బిడ్డా?" అని అడిగింది. నాంచారమ్మ అని చెప్పాను. ఆమెది మన మతం కాదు. అయినా రోజూ పొద్దున్నే తన దేవుడి ముందు దీపం పెట్టి, నాంచారమ్మ సల్లగుండాలని మొక్కుతోందట.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
సంపత్