మీ కుడి చెవి పక్కన అన్న మాట

ఏమండీ,

నమస్కారం. మొన్నటితో మీ పదకొండో మాసికం కూడా అయిపోయింది. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప. రోజూ దీపం పెట్టాక మీ స్టాప్‌వాచ్‌కి కీ ఇస్తున్నాను. తిరగకుండా పడుంటే స్ప్రింగు పట్టేస్తుందని మీరే అనేవారు కదా...

ఒక కబురు. మీరు పోయాక గ్రౌండులో పరుగెత్తే ఆడపిల్లలకు నేర్పేవాళ్లు లేరు. కాలనీ క్లబ్బు వాళ్లు వచ్చి మన అమ్మాయి సుమిత్రను అడిగారు. ఆ పట్నా పోటీల సెలక్షన్ రోజు తర్వాత ఏడేళ్లు గ్రౌండు గేటు కూడా దాటని పిల్ల, ఒప్పుకుంది! ఆదివారం గోవింద్‌పూర్ నుంచి వచ్చి మీ వాచీ, మీ నోటు పుస్తకాలు పట్టుకెళ్తుందట. ఒక్క పుస్తకం కూడా తప్పిపోకూడదట.

అందుకని మీ మిలటరీ ట్రంకు దించాను. పదకొండు పుస్తకాలు. అన్నిటికీ ఖాకీ అట్టలు, అట్ట మీద సంవత్సరం. దుమ్ము దులుపుతూ, సెలక్షన్ జరిగిన ఏడాది, 1977 తెరిచాను. అదే ఎందుకు తెరిచానంటే... నిజం చెప్పాలంటే, నాకు ఏడేళ్లుగా అనుమానం.

ఆ సెలక్షన్ సాయంత్రం మీరు వచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నారు. వాచీని మేకుకు తగిలించకుండా నా చేతిలో పెట్టారు. రొట్టె ముట్టలేదు. వెనకే సుమిత్ర వచ్చి, పెన్సిల్ తీసుకుని, ముందు గది తలుపు వెనక తన టైమూ, పక్కనే తనతో పోటీపడ్డ సలోమి టైమూ రాసింది. పదమూడో ఏట నుంచి తలుపు మీద టైము రాయడం దాని అలవాటు. దీపావళికి సున్నం వేసేవాళ్లు వచ్చినప్పుడల్లా మీరు తలుపుకు అడ్డంగా నిలబడేవారు, "అక్కడ బ్రష్షు పెట్టకు భాయ్, అది మా రికార్డాఫీసు" అంటూ.

ఆ తలుపు మీద అదే ఆఖరి అంకె. సలోమి కంటే ఒక సెకను ఎక్కువ. సలోమి పట్నా వెళ్లింది. మన పిల్ల ఏడ్చి, ఇంకోసారి పరుగెత్తనిమ్మంటే మీరేమన్నారు? "గడియారానికి చుట్టాలుండరమ్మా" అన్నారు. మర్నాడు మామూలుగానే కూర్చోబెట్టి రెండు జడలు బిగించి అల్లారు.

నిన్న పుస్తకం తలుపు పక్కన పెట్టి చూశాను. సలోమి అంకె సరిపోయింది. మన పిల్లది సరిపోలేదు. పుస్తకంలో మన పిల్లే ముందుంది, అర సెకను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మీ చేతిరాతే. ఒక్క కొట్టివేత లేదు.

గడియారం అబద్ధమాడలేదు. మీరాడారు.

ఎందుకండీ?

కోచ్ కూతురు కాబట్టి నెగ్గిందని జనం అంటారనా? విందులో కూడా మనింటి వాళ్లకు ఆఖర్న వడ్డించమనే మనిషి మీరు. అయి ఉండొచ్చు.

లేక సలోమి కోసమా? తండ్రి లేడు, తల్లి ఇటుకలు మోసే రేజా కూలీ. పట్నాలో నెగ్గాక కదా ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది! మీరు దానికి గుడ్లు పట్టుకెళ్లేవారు. రాయకూడదు గానీ... ఆ రోజుల్లో వాళ్లమ్మ మీద కూడా నాకు అనుమానమే. రెండుసార్లు మీ చొక్కా జేబులు వెతికి, దేవుడి ముందు లెంపలు వేసుకున్నాను. మీ పదో రోజున సలోమి గుమ్మంలో కూర్చుని మన పిల్ల కంటే ఎక్కువ ఏడిచింది. దానికి తెలుసా?

మూడో అనుమానం రాయడానికి చెయ్యి రావడం లేదు.

సెలక్షన్‌కి ముందు మంగళవారం. నేను పూజ అర దగ్గర పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కడుతున్నాను. మీరు పక్కనే పీట మీద బూట్లకు పాలిష్ వేసుకుంటున్నారు. మీ కుడి పక్క నా వైపు. డెబ్భై ఒకటి యుద్ధంలో ఫిరంగుల దగ్గర పోయిన చెవి అది. మీతో మాట్లాడాలంటే ఎడమ పక్కకు వచ్చి కూర్చునే నేను, ఆ రోజు ధైర్యంగా పైకే అన్నాను. తల్లీ, నా పిల్ల ఎంపిక కాకుండా చూడు, ఊరెళ్లినప్పుడు నీకు చీర పెట్టుకుంటాను అని. పదిహేడేళ్ల పిల్ల... ఎక్కడి పట్నా, ఎవరి కప్పు కింద పడుకుంటుందో... నా భయం నాది.

సెలక్షన్ అయిపోయాక, మొక్కు తీరిందని నేను ముడుపు పక్కకు తీస్తుంటే మీరు బూటు మీంచి తల ఎత్తకుండానే, "ఏటే, అమ్మోరు ఇనేసిందేటి?" అని నవ్వారు. ఆడవాళ్ల భక్తి మీద హాస్యమాడుతున్నారనుకున్నాను. ఏడేళ్లూ అలాగే అనుకున్నాను.

పిల్ల ఓడిపోయాక ఆ మాటన్నారంటే, నేనేం మొక్కానో మీకెలా తెలుసు?

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. కుడి వైపు నుంచి కుక్కర్ కూస్తే ఒకసారి తల తిప్పారు. గ్రౌండులో పిస్తోలు పేలితే చప్పుడు కాదు, పొగ చూసి వాచీ నొక్కాలనేవారు... అది పద్ధతా, చెవి కోసమా? ఇన్నేళ్లూ ఆ పక్కన నిలబడి మీ అక్కగారి మీద నేను గొణుక్కున్నవన్నీ విన్నారా ఏమిటి కొంపదీసి?

నా కోసమే చేస్తే... పిల్ల కాళ్లు కట్టేసి నాకు నెమ్మది ఇచ్చారా? నేను చీర పెట్టుకుని దణ్ణం పెట్టింది ఎవరికి?

బస్సు టిక్కెట్టు కూడా ఇంట్లో ఉంచని మనిషి, ఈ పుస్తకం ఎందుకు దాచారు? నేను చూడాలనా, పిల్ల చూడాలనా...

నిన్న దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టాను. చెదలు తినేశాయని చెబితే సరి. మీరు లేరు కాబట్టి క్వార్టరు ఎలాగూ ఖాళీ చెయ్యాలి, తలుపుకు సున్నం పడుతుంది, ఇక అడిగేవాళ్లుండరు. కానీ ఈ పొద్దున దీపం ముందు కూర్చుంటే నోట స్తోత్రం రాలేదండీ. లేచి వెళ్లి పుస్తకం తీశాను. అన్నిటికీ పైన అదే పెట్టి తాడు కట్టాను.

వాచీ పట్టుకునే చేతికి ఇది తెలియాలి. రేపు పది మంది తల్లుల పిల్లలు దాని మాట నమ్మి పరుగెత్తుతారు.

ఆదివారం ముడి విప్పకముందే సుమిత్రను కూర్చోబెట్టి నా ముడుపు సంగతి చెబుతాను. ముందు నా తప్పు, తర్వాత మీది. కోపమొచ్చి వాచీ ఇక్కడే పడేసి పోతుందేమో. మళ్లీ ఎన్నాళ్లకు గుమ్మం తొక్కుతుందో... అయినా చెబుతాను. మాట ఇస్తున్నాను.

ఈ ఉత్తరం మీ ఫొటో ముందు పైకి చదివాను. ఎప్పటిలా ఎడమ పక్కన కాదు. కుడి పక్కనే కూర్చుని, నా మామూలు గొంతుతోనే.

ఇట్లు,
మీ మహాలక్ష్మి