లావు కొస మీద దెబ్బ

ఏప్రిల్ 3

కమిటీ మీటింగ్. మూడు గంటలు. తల బొప్పి కట్టింది.

మా రిపేరువాళ్ళ సభ పెట్టి తొమ్మిదేళ్ళయింది. లైబ్రరీ వెనక హాలు, నూట ఇరవై కుర్చీలు, రెండు రోజులు. మైకు లేదు, బ్యానరు లేదు, ముఖ్య అతిథి లేడు. ఉన్నదల్లా ఒక పొడుగాటి బల్ల. వచ్చిన ప్రతివాళ్ళూ తమ చేత్తో చెడగొట్టిన వస్తువు ఒకటి తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి. ఎలా చెడగొట్టారో నోరు విప్పి చెప్పాలి. బాగుచేసినవాటి గురించి గొప్పలు మొదలుపెడితే కూర్చోబెట్టేస్తాం. అంతే సభ. ఈ ఏడు దీనికి తొమ్మిది వందల నలభై ఫారాలు వచ్చాయి.

రేడియోలాయన ఇక ఆగేలా లేడు. ఎదగనిది చచ్చినట్టేనట. కన్వెన్షన్ సెంటర్లో వెయ్యిమందితో పెడదామంటాడు. జిగురు కంపెనీవాళ్ళు స్పాన్సర్ చేస్తారట. స్టేజీ, లైవ్ వీడియో, అందరి మెడల్లో ట్యాగులు. బల్ల బదులు టాప్ టెన్ ఫెయిల్యూర్స్, వాటికి ప్రైజులు. చెడగొట్టినందుకు ప్రైజు! ఛీ. తాను దూర సందు లేదు, మెడకో డోలు.

గడియారాల పెద్దాయన అడ్డం తిరిగాడు. ఇది సభ కాదు, కుటుంబం అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అదీ చూడలేకపోయాను.

ఫ్యాన్ల మోటార్లు చుట్టే ఆవిడ రేడియోలాయన వైపు. తాళాలవాడు పెద్దాయన వైపు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఐదోదాన్ని నేను, కుట్టుమిషన్ల మెకానిక్కుని. ఫారాల లిస్టు కూడా నా దగ్గరే ఉంటుంది. ఆలోచించి చెప్తానన్నాను. నెల గడువిచ్చారు.

ఇంటికొచ్చి చెప్తే, స్విచ్ నొక్కినంత పనికి నెలెందుకన్నాడు మా ఆయన. చొక్కా రంగు తేల్చుకోవడానికి షాపు మూసేదాకా నిలబడే మనిషి ఈయన.

ఏప్రిల్ 5

ఫారాలు తిరగేశాను. అక్క ఫారం మళ్ళీ వచ్చింది. వరసగా మూడో ఏడు.

తీసి అట్టడుగున పెట్టాను. వెయిటింగ్ లిస్టులో.

పోయినేడూ, అంతకుముందేడూ కూడా అలాగే పెట్టింది నేనే. సీట్లు నిండిపోయాయే అక్కా అని ఫోన్ చేసి చెప్పిందీ నేనే, గొంతులో కాస్త బాధ కలిపి మరీ. రాస్తుంటే నా చెయ్యి నాకే రోతగా ఉంది.

ఏప్రిల్ 6

రాయడం మొదలుపెట్టాను కాబట్టి పూర్తిగా రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరు చదవొచ్చారు.

నాలుగేళ్ళ కిందట అక్క కుట్టుమిషన్ బిగుతుగా తిరుగుతోందంటే వెళ్ళాను. అక్క ఆ మిషన్ మీదే బతికేది. అందులో షాఫ్టుని పట్టుకుని ఒక పిన్ను ఉంటుంది. ఒక కొస సన్నం, ఒక కొస లావు. సన్న కొస మీద కొడితే ఊడొస్తుంది. లావు కొస మీద కొడితే ఇంకా బిగుస్తుంది. పని నేర్చుకునేవాళ్ళకి మొదటి వారంలో చెప్పే పాఠం. నేను ఇరవయ్యేళ్ళు పనిచేశాక లావు కొస మీద కొట్టాను. రాకపోయేసరికి కోపమొచ్చి పెద్ద సుత్తితో కొట్టాను. మిషన్ ఇనప ఒంటికి నిలువునా పగులు వచ్చింది.

అక్క గదిలోకొచ్చి ఏమయిందని అడిగింది. మందం బట్టలు కుట్టి కుట్టి మిషన్‌ని చంపేశావు కదే అన్నాను. నోటికి అదే వచ్చింది. అక్క నమ్మింది. పాపం, నాకు సారీ కూడా చెప్పింది.

అక్కడితో ఊరుకున్నానా? బజారులో దర్జీలు అడిగితే వాళ్ళకీ అదే చెప్పాను. మిషన్ని గొడ్డులా వాడుతుందన్న పేరు అక్కకి అంటుకుంది. అద్దెకి కూడా ఎవరూ మిషన్ ఇవ్వలేదు. చివరికి ఒక రిపేరు షాపులో హెల్పరుగా చేరి, నలభై ఆరేళ్ళ వయసులో ఆ పని నేర్చుకుంది. ఇప్పుడు తనకూ సొంత షాపుంది.

ఆ మిషన్ మా బల్ల మీద పెడితే ఏ మెకానిక్కయినా చూసిన మరుక్షణం అడుగుతాడు, ఈ లావు కొస నలగ్గొట్టిన మహానుభావుడు ఎవరని. అందుకే అక్క ఫారం అడుగున ఉంటోంది.

నాలుగేళ్ళుగా నేను బల్ల మీద పెట్టినవన్నీ చిల్లర తప్పులు. పోయినేడు ఒక కత్తెర పెట్టాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

ఏప్రిల్ 12

కన్వెన్షన్ సెంటర్ చూడ్డానికి వెళ్ళాం. కమిటీతోపాటు పాత సభ్యులు ఓ ముప్ఫైమంది. లోపల చలి. కుర్చీలన్నింటికీ తెల్లటి ముసుగులు. మేనేజరు మైకు అందుకుని వెల్‌కమ్ అనగానే అది కీచుమంది.

అంతే. ఎవరూ ఎవర్నీ అడగలేదు. జేబుల్లోంచి స్క్రూడ్రైవర్లు బయటికొచ్చాయి. గంట తిరిగేసరికి యాంప్లిఫయరు, నాలుగు స్పీకర్లు విప్పి నేల మీద పరిచారు. ఫ్యాన్లావిడ స్టూలెక్కి, ఎవరూ పాడయిందనని ఎగ్జాస్ట్ ఫ్యానుని కూడా దించింది. తాళాలవాడు మెయిన్ డోరు మీద పడ్డాడు. మేనేజరు వద్దు వద్దంటూ ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పరుగెత్తాడు. చివర్లో రేడియోలాయన, మీకేం తెలుసు జరగండన్నాడు, ఏదో వైరు కలిపాడు, పొగ వచ్చింది. డోరు ఇక మూసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో ఆయన అన్న మాట: మనవాళ్ళ ఉత్సాహం చూశారా, ఇంత టాలెంటుకి ఆ చిన్న హాలు సరిపోదట.

ఒకటి మాత్రం చూశాను. పొగ వాసన పోయాక స్టేజీ మీద నిలబడి తాళాలవాణ్ణి పిలిచాను. నలభయ్యో వరసలో ఉన్నాడు, వినపడలేదు. మా లైబ్రరీ హాల్లో కాస్త గొంతు పెంచితే కిటికీ అవతల టీ తాగేవాళ్ళకి కూడా వినపడుతుంది.

చిన్నగానే ఉండాలి. ఓటు తేలిపోయింది.

ఏప్రిల్ 13

తేలిపోయింది అని రాసుకుని ఎంత హాయిగా నిద్రపోయానో, సిగ్గులేని మొహం.

ఏప్రిల్ 19

గడియారాల పెద్దాయన షాపుకి పిలిచాడు. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము. నా ఓటు తనకేనని ఎవరో చెప్పారట, సంతోషమన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. ఏటా ఉండేవే, వీటికి ముందే సీట్లు పక్కన పెట్టమ్మా అన్నాడు.

పదిహేడు పేర్లు. అల్లుడు, అల్లుడి తమ్ముడు, ఎదురింటి వకీలు. వకీలు ఏం రిపేరు చేస్తాడో నాకు తెలీదు. పదేళ్ళుగా ఒక్కటే పగిలిన టీకప్పు తెచ్చి పెడుతున్నాడు. పదేళ్ళేంటి, సభకే తొమ్మిదేళ్ళు. కోపంలో లెక్క తప్పింది.

ఇంటికొచ్చి లిస్టు ముందేసుకున్నాను. ఇలా పక్కన పెట్టిన పేర్లు ఎనభై ఎనిమిది. బయటివాళ్ళకి మిగిలేవి ముప్ఫై రెండు. వాటికే ఫారాలు కుప్పలుగా వస్తుంటే, మన సభకి ఎంత గిరాకీయో అని ప్రతి ఏడూ మురిసిపోతాం. థూ. వాడు ఊరేగింపు కావాలంటాడు, వీడు తలుపేసుకుని కుటుంబం అంటాడు.

ఏప్రిల్ 20, ఉదయం ఆరు

వాడూ వీడూ అని తిడుతున్నాను. ఎనభై ఎనిమిదికీ పెన్ను పట్టుకుని టిక్కు పెట్టింది ఎవరు? గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నాకు నా నలుపు బాగా తెలుసు, నాలుగేళ్ళుగా దాన్ని వెనక్కి తిప్పుకుని కూర్చున్నాను.

వెయ్యిమందైతే అక్కకి సీటు లేదనలేను. అందుకే నాకు చిన్న సభ కావాలి. ఆ కిటికీలు, ఆ టీ కబుర్లు అంతా నాటకం.

అడుగునున్న ఫారం తీసి ఈసారి చదివాను. మీరు తెచ్చే వస్తువు ఏది అన్న చోట మొదటి రెండేళ్ళూ అక్క ఒకటే రాసింది: నా కుట్టుమిషన్, మందం బట్ట కుట్టి నేనే పాడుచేశాను. నా తప్పుని తను ఒప్పుకోవడానికి రెండుసార్లు క్యూలో నిలబడింది, పిచ్చిది.

ఈ ఏడు వేరేగా రాసింది. వస్తువు లేదు. వినడానికి వస్తాను.

ఫారం ఈసారి కుప్ప పైన పెట్టాను.

మే 3

ఓటింగ్.

పెద్దదీ వద్దు, ఇప్పుడున్నదీ వద్దన్నాను. నూట ఇరవై కుర్చీలే, మైకు లేకుండా. పక్కన పెట్టే పేర్లు మాత్రం చింపెయ్యాలి. రెండుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు వెనక్కి పంపినవాళ్ళకి ముందు సీట్లు. మిగతావి చీటీలు వేసి తియ్యాలి, కమిటీవాళ్ళ పేర్లతో సహా. ఒక మనిషి ఫారం కావాలనే మూడేళ్ళు తొక్కిపెట్టానని కూడా చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. ఆ ధైర్యం అక్కడిదాకానే వచ్చింది.

కంచే చేను మేసిందన్నమాట అన్నాడు రేడియోలాయన. అవునన్నాను. పెద్దాయన నేను కుటుంబాన్ని కూల్చానన్నాడు. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు. ఫ్యాన్లావిడ పడీపడీ నవ్వి, ఈ మాత్రం దానికి నెలెందుకే తల్లీ అని నాకు ఓటేసింది. తాళాలవాడు నేల చూపులు చూస్తూ చెయ్యెత్తాడు. మూడు, రెండు.

బయటికొస్తుంటే పెద్దాయన నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. వకీలుగారి కప్పు ఈ ఏడు ఇంట్లోనే ఉండొచ్చు.

మే 11

రెండుసార్లయినా వెనక్కి పంపినవాళ్ళు అరవై ఎనిమిదిమంది తేలారు. అక్క అందులో ఉంది. మిగతా యాభై రెండింటికి టూల్‌బాక్సులో చీటీలు వేసి తీశాం. రేడియోలాయనకి సీటు వచ్చింది, కుర్చీ మీంచి ఎగిరి గంతేశాడు. పెద్దాయనకి రాలేదు.

నాకూ రాలేదు.

కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదేనన్నాడు మా ఆయన. అన్నం తినకుండా పడుకుంటే మళ్ళీ ఆయనే వచ్చి లేపాడు.

అక్కకి ఫోన్ చేసి సీటు వచ్చిందన్నాను. నీకొచ్చిందా అని అడిగింది. లేదన్నాను. ఊఁ అని పెట్టేసింది.

మే 23

రేపు సభ. గేటు దగ్గర రిజిస్టరు డ్యూటీ నాదే. అక్క వచ్చేది గేటులోంచే.

మే 24

అక్క పెద్ద సంచీ మోసుకుంటూ వచ్చింది. రిజిస్టరు మూసి, లేచి నిలబడి చెప్పేశాను. లావు కొస మీద కొట్టానే అక్కా అన్నాను. తెలుసు, పోయినేడు చలికాలంలో విప్పి చూశాను, నలిగింది ఏ వైపో అప్పుడే కనపడిందంది. సంచీ జిప్పు తీసింది. లోపల మిషన్. వస్తువు లేదని రాశావు కదా అన్నాను. నా వస్తువు కాదుగా అంది.

రిజిస్టరు తెరిచి తన పేరు కొట్టేసి నా పేరు రాసింది. సంచీ నా చేతుల్లో పెట్టింది. చేతులు జారాయి, అంత బరువు. కిటికీ అవతల నిలబడతాను, అక్కడికి వినపడాలి అంది.

వినపడేలా చెప్పాను.