శ్యామలత్త ఫొటోకు దండ

ఎర్రబండ,
సోమవారం

షాద్‌నగర్‌ల ఉంటున్న శ్యామలత్తకు, వరుసకు అల్లుడు దివాకర్ ఉప్పొంగే గుండెతో రాసేది.

అత్తా, వచ్చింది! మనూరి సర్పంచి కుర్చీ ఈసారి ఆడవాళ్లకు వచ్చింది! కోస్గి మండలాఫీసుల లిస్టు చూసి, చెప్పులు అక్కడ్నే మరిచి ఊరిదాకా ఉరికిన.

కానీ కుట్ర అప్పుడే మొదలైంది. మనూరి పెత్తందారు జంగయ్య తన కోడలు వర్షితను నిలబెడుతుండట. పేరు ఆ పిల్లది, పెత్తనం ఆయనది! ఇది ప్రజాస్వామ్యమా, ఇంటి వ్యవహారమా? సంతల నిలబడి గట్టిగనే అడిగిన. "పోరడా, పోయి పని చూసుకో" అన్నడు. పనే చూసుకుంటున్న. నీకు ఉత్తరం రాస్తున్న.

నువ్వు నిలబడాలె. జాతరలల్ల ఆడినవు. ఉద్యమం వేదికలెక్కినవు. సిన్మాల చేసినవు. మైకు పట్టి మందికి ఓట్లడిగినవు. నీ ఓటు ఇప్పటికీ మనూర్లనే ఉన్నది. నీ జీవితం మీద నేను కరపత్రం రాస్త. ఇప్పటికి రెండు వందల పద్నాలుగు కరపత్రాలు చదివిన. అందుల మంచివి నాలుగే. నీది ఐదోది. వివరాలు, ఒక ఫొటో వెంటనే పంపు.

పోరాటమే ఊపిరిగా,
దివాకర్

తా.క.: నాకు ఫోను లేదు. కంపెనీలకు నా మాటలు అమ్మను. షాద్‌నగర్‌కు జీపు నడిపే యాకూబ్ భాయ్‌తోని జవాబు పంపు. ఆ జీపు కదలాలంటే నలుగురు నూకాలె గని, మనిషి నమ్మకస్తుడు.

*

షాద్‌నగర్,
బుధవారం

అల్లుడు దివాకర్‌ను సల్లగుండుమని దీవించి శ్యామలత్త రాసేది.

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు నా ముందర నిలబడి ఒర్రినట్లే ఉన్నది. జర మెల్లగ రాయి నాయినా.

నిలబడుత. ఎందుకో చెప్త, కరపత్రంల మాత్రం రాయకు. నాకు ఇరవై యేండ్లప్పుడు బోనాల నాడు పొద్దంత ఆడిన. కాళ్లు గుంజుతుంటే పంచాయతీ రాతిగద్దె మీద జర కూసున్న. గీ జంగయ్యనే వచ్చి, "ఆడేదానికి గద్దె మీద ఏం పని? దిగు" అన్నడు. ఊరంత చూసింది. ఒక్కలు అడ్డం రాలే. దిగిన. ముప్ఫై యేండ్లాయె. ఆ గద్దె మీద ఎవరూ దిగుమనకుండ కూసోవాలె అల్లుడా. నాకు కావాల్సింది గంతే.

ఇగ వివరాలు. సిన్మాలు ఏడు. ఆరింట్ల హీరో తల్లిని, అంటే గోడ మీది ఫొటోను. హీరో వచ్చి ఏడుస్తడు, నేను కదలకుండ నవ్వుతుంట. ఏడో దాంట్ల ఒక్క డైలాగు ఇచ్చిండ్రు, అది కోసేసిండ్రు. తర్వాత సీరియల్ల నాలుగేండ్లు కోడలిని సతాయించే అత్తను. గప్పుడు ఇక్కడి కూరగాయల బజార్ల ఒకామె నాకు టమాటలు అమ్మనన్నది. "ముందు నీ కోడలికి అన్నం పెట్టు" అన్నది.

ఫొటో పంపుతున్న. సిన్మాదే. నాకు మంచిగ మేకప్ చేసింది దానికొక్కదానికే.

దీవెనలతో,
శ్యామలత్త

తా.క.: ఫొటోకు దండ ఉన్నది, ముందర దీపమున్నది. అవి కత్తిరించి అచ్చెయ్యి. మరువకు.

*

ఎర్రబండ,
ఆదివారం

విజయానికి అడుగు దూరంల ఉన్న శ్యామలత్తకు దివాకర్ జోహార్లు!

ఐదు వందల కరపత్రాలు! ఊర్ల ఒక్క గోడ విడువలే!

ఫొటో కత్తిరించుమన్నవు. క్షమించు అత్తా. కళాకారిణి ఫొటోకు కత్తెర వేసుడంటే సెన్సారు. సెన్సారుకు నేను బద్ధ వ్యతిరేకిని. దండ, దీపం, ఊదుబత్తి పొగతో సహా పెద్దగ అచ్చేయించిన. కింద నా మాటలు: "ఆమె మన మధ్యనే పుట్టింది. ఆడింది. నటించింది. ప్రశ్నించింది. ఆమె లేని వెలితిని ఈ ఊరు ఎట్ల పూడ్చుకుంటది? రండి, కదలండి, ఆమెకు కడదాకా తోడుండండి!"

జనం స్పందన చూడాలె! ఆడోళ్లు కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తున్నరు. మొగోళ్లు తలపాగలు తీస్తున్నరు. కరపత్రానికి ఇంత బలం ఉంటదని చదివిన గని, కండ్లార చూసుడు ఇదే మొదలు. జంగయ్య గోడకాడ నిలబడి రెండుసార్లు చదివిండు. "ఇగ పోటీ ఎవరితోని?" అని కండ్లు తుడుచుకున్నడు. పెత్తందారు వణికిండు అత్తా!

ఎర్రబండ ఎర్రగానే ఉంటది,
దివాకర్

తా.క.: లచ్చయ్య తాత నా చెయ్యి పట్టుకొని "పదకొండో దినం ఎక్కడ బిడ్డా?" అని అడిగిండు. "పదకొండో తారీకు మన బళ్లెనే తాతా, పొద్దున ఏడింటికే లైన్ల నిలబడాలె" అని చెప్పిన. "లైను గూడనా?" అని బోరున ఏడ్చిండు. గంత చైతన్యం!

*

షాద్‌నగర్,
మంగళవారం

ఒరేయ్ దివాకరా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

నిన్న తలుపు తీస్తే లచ్చయ్య మామ. చేతుల పూలదండ. నన్ను చూసి దండ ఇడిసిపెట్టిండు. "కూసో మామా, చాయ్ తాగు" అన్న. పాపం, భయానికి కాదనలే. గోడ దిక్కు చూసుకుంట తాగి, "శ్యామలా, నీకు ఏం కోరిక మిగిలింది బిడ్డా?" అన్నడు. సర్పంచి కావాలె అన్న. లేసి ఉరికిండు. డెబ్బై యేండ్ల మనిషి, ఆటోను దాటేసిండు.

దండ తియ్యలే కదరా నువ్వు! నేను సచ్చిన అని ఊరంత అనుకుంటాంది. ఇప్పుడు దయ్యమై కుర్చీ అడుగుతున్న అని మామ చెప్తున్నడట. జంగయ్యకు ఫోన్ చేస్తే నా గొంతు విని ఫోను బావిల పారేసిండు.

శనివారం నామినేషన్లు ఆఖరు. నేను సచ్చినట్లే ఉంటే ఆయన కోడలికి ఎదురు లేదు. నాకు మళ్ల ఇంకో ముప్ఫై యేండ్లు లేవు అల్లుడా. ఊరు ఊరంత తిరిగి చెప్పు, నేను బతికే ఉన్న అని.

శ్యామల (బతికే ఉన్నది)

తా.క.: కరపత్రం యాకూబ్ చూపెట్టిండు. చదివి నాకే ఏడుపొచ్చింది. నేను గింత మంచిదాన్నని బతికుండంగ ఎవరూ చెప్పలే.

*

యాదగిరిగుట్ట,
గురువారం

శ్యామలత్తకు, ఖైదీ దివాకర్ రాసేది.

ఊరి నడుమ నిలబడి "శ్యామలత్త బతికే ఉన్నది!" అని మూడుసార్లు అరిచిన. నాలుగోసారికి నన్ను కన్న అవ్వనే వేపకొమ్మ తెచ్చింది. "దండేసి అచ్చేయించింది నువ్వే కదరా?" అని కిరాణం మెహరాజ్ పెద్దమ్మ అడిగింది. "అది సెన్సారుకు వ్యతిరేకంగా" అన్న. అందరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. యాకూబ్ భాయ్ సాక్ష్యం చెప్పబోతే, "దయ్యానికి ఉత్తరాలు మోస్తున్నవా" అని ఆయన జీపు ఎక్కుడే బందుపెట్టిండ్రు.

దుఃఖంతోని నాకు మతి చలించిందట! అవ్వ నన్ను గుట్టకు తెచ్చింది. నలభై రోజులు, పొద్దున మాపు ప్రదక్షిణలు. నాస్తికుణ్ని అత్తా! పక్కపొంటి నడిచేటాయన "నీకు ఏం పట్టింది తమ్మీ?" అని అడిగిండు. "సత్యం" అన్న. "అబ్బో, దానికి నలభై రోజులు సాలవు" అన్నడు.

రాయనీకి చెయ్యి వస్తలేదు గని రాస్తున్న. తప్పు నాదే. కత్తెర వెయ్యాల్సి ఉండె.

రేపు పగటీలి జంగయ్య నీకు సంతాప సభ పెడుతుండు, ఆ గద్దె మీదనే! సచ్చినోళ్ల మీద ఆయనకు ఎంత ఉదారతో! నువ్వే పో అత్తా. ఈ ఉత్తరం షాద్‌నగర్ భక్తుల చేతికిస్తున్న.

నీ ముద్దాయి,
దివాకర్

తా.క.: ఇక్కడి పులిహోర బాగున్నది. ఇది సిద్ధాంతపరమైన రాజీ కాదు.

*

ఎర్రబండ పంచాయతీ,
గద్దె మీది నుంచి

అల్లుడు దివాకర్‌కు సర్పంచి శ్యామలమ్మ రాసేది.

నీకు మళ్ల ఉద్రేకమైతదని మీ అవ్వ ఏం చెప్పలేదట. నేను చెప్త.

ఆ శుక్రవారం మొఖం మీద కొంగు కప్పుకొని సభల ఎనక కూసున్న. నా ఫొటో గద్దె మీద, డప్పులోళ్లు కింద. జంగయ్య మైకు పట్టిండు. "ఇదే గద్దె మీది నుంచి ఆ బిడ్డను దించిన పాపిని. ఇయ్యాల ఆమె బతికుంటే నా కోడలిని నిలబెట్టకపోదును. నా చేతులతోని ఆమెనే ఇక్కడ కూసోబెడుదును!" అని ఏడ్చిండు. ఊరంత చప్పట్లు.

"అయితే జర జరుగు జంగన్నా" అని లేసిన.

సగం ఊరు గోడలు దూకింది. జంగయ్య మైకు స్టాండు ఎనక దాసుకున్నడు. అది ఆయనంత లావు లేదు. మెహరాజ్ వదిన ఒక్కతే కదలలే. "దయ్యానికి పాదాలు ఎనకకు తిరిగి ఉంటయి. నీ కాళ్లు చూపెట్టు శ్యామలా" అన్నది.

ఊకె నిలబడి చూపెడుదునా? గద్దె ఎక్కి డప్పులోళ్లను కొట్టుమన్న. ఆడిన అల్లుడా! చీర మడిమల మీదికి ఎత్తి కట్టి, ఊరంత నా కాళ్లే చూస్తుంటే ఆడిన. గోడలు దూకినోళ్లు ఒకలెనుక ఒకలు మళ్ల దూకి వచ్చిండ్రు. ఆఖరుకు ఊపిరాడక ఎగపోత వచ్చి కూలబడ్డ. "దయ్యాలకు ఎగపోత రాదు. మనిషే" అని లచ్చయ్య మామ తీర్పు చెప్పిండు.

జంగయ్య మాట మైకుల అన్న మాట, మింగనీకి లేదు. తెల్లారి నామినేషన్ నాదొక్కటే, ఏకగ్రీవం. వర్షిత నాకు బొట్టు పెట్టి, "మా మామ చెప్పినకాడల్ల సంతకం పెట్టే బాధ తప్పింది పెద్దమ్మా" అని చెవుల అన్నది.

ఇయ్యాల కూసున్న. రాయి సల్లగున్నది. కాళ్లు గుంజుతున్నయి. ఎవరూ దిగుమనలే.

తొలి గ్రామసభల రెండు తీర్మానాలు చేసినం. ఒకటి, గోడలకున్న నీ కరపత్రాలన్ని నీతోనే గీకించాలె, పొరుగూరోళ్లు ఇంక పూలు పెట్టిపోతున్నరు. రెండు, నీకు మతి చలించలేదు. ఇది ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

దీవెనలతో,
మీ అత్త

తా.క.: ఎదురు ఓటేసినోళ్లల్ల మీ అవ్వ ఉన్నది. మొక్కు నడుమల ఆపితే అరిష్టమట. ఇంక పదకొండు రోజులు తిరుగు నాయినా. సర్పంచిని నేనే గని, మీ అవ్వ మీద నా హుకుం నడువది.